ఒంటరిగా బ్రేకు పని: లేని పనిముట్టుకు బదులు ఇంట్లో ఏముంది?

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)
శనివారం, ఉదయం 7:10

సభ్యులందరికీ నమస్కారం. నా బండి 2012 నాటి పెట్రోలు వ్యాగన్ ఆర్. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉన్నాయి. ముందు ప్యాడ్లు బాగా అరిగిపోయాయి, బ్రేకు ఆయిలు మార్చి మూడేళ్ళు దాటింది. ఈ రెండు పనులనూ రేపు ఆదివారం ఇంటి వాకిట్లో నేనే చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. కిందటిసారి ఒక షెడ్డులో చక్రాల నట్లను గాలి తుపాకితో ఎంత బిగించి పంపారంటే, దివాన్‌చెరువు దాటాక పంక్చరు పడినప్పుడు బండితో వచ్చిన పానా మీద నిలబడి ఊగినా ఒక్క నట్టూ కదలలేదు. ఆ రోజు నుంచి ఈ పట్టుదల మొదలైంది.

అయితే నాకు తోడు ఎవరూ లేరు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు, మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి పెడలు తొక్కమని అడగలేను. నా దగ్గర ఉన్నవి బండితో వచ్చిన జాకీ, చక్రం పానా, డి పానాల సెట్టు, రెండు మూడు రింగు పానాలు, కటింగ్ ప్లేయరు, సుత్తి. లేనివి కాలిపరులో (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగంలో) పిస్టన్‌ను వెనక్కు నెట్టే పరికరం, నట్టును కొలిచినంత బిగువుకే బిగించే టార్క్ రెంచి, ఎత్తిన బండిని నిలిపి ఉంచే జాకీ స్టాండ్లు. రెండేళ్ళకొకసారి చేసే పనికి ఇవన్నీ కొనడానికి మనసొప్పడం లేదు. పిస్టన్‌కు వడ్రంగి క్లాంపు సరిపోతుందని విన్నాను. స్టాండ్లకు బదులు ప్రహరీ కట్టగా మిగిలిన హాలో బ్రిక్కులు నాలుగున్నాయి. తక్కినవాటికి మీరు ఇంట్లో ఉన్న వస్తువులతో ఏమేం చేసుకున్నారో చెప్పగలరు.


రాణీగంజ్ రెంచి (సికింద్రాబాదు)
శనివారం, ఉదయం 8:02

క్లాంపు బాగా పనిచేస్తుంది. పదేళ్ళుగా నేను అదే వాడుతున్నాను. నాలుగంగుళాల సి క్లాంపు చాలు, పక్క వీధి వడ్రంగిని అడిగితే ఒక పూటకు ఇస్తాడు. కాలిపరు కింది బోల్టు విప్పి, కాలిపరును పైకి తిప్పి, అరిగిపోయిన పాత ప్యాడును పిస్టన్‌కు ఆనించి, క్లాంపు ఒక కొసను కాలిపరు వెనుక వీపుకు, రెండో కొసను ఆ ప్యాడుకు పెట్టి తిప్పండి. ప్యాడు లేకుండా క్లాంపును నేరుగా పిస్టన్ అంచు మీద పెడితే ఒత్తిడి ఒక పక్కే పడి పిస్టన్ వంకరగా ఇరుక్కుంటుంది. పావు చుట్టు తిప్పి ఆగి, మళ్ళీ పావు చుట్టు తిప్పాలి. ఈ పనిలో తొందర పనికిరాదు.

పిస్టన్ వెనక్కు వెళ్ళే కొద్దీ ఆయిలు బానెట్టు కింద ఉన్న బ్రేకు ఆయిలు డబ్బాలోకి పొంగుతుంది. మూత ముందే తీసి, మందుల దుకాణంలో దొరికే 20 మిల్లీలీటర్ల సిరంజితో కొంత ఆయిలు తోడేయండి. అది పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది కాబట్టి పక్కన ఒక మగ్గు నీళ్ళు పెట్టుకుని, పడిన వెంటనే కడిగేయండి.

కాలిపరును పూర్తిగా విప్పవలసి వస్తే దాన్ని రబ్బరు గొట్టానికి వేలాడనివ్వకండి. సెంట్రింగు వాళ్ళు వాడే బైండింగ్ వైరు మూరెడు తీసుకుని పైనున్న స్ప్రింగుకు కట్టేయండి. మనకు లేని మూడో చేయి ఆ తీగే.

ఈ చర్చ చదివే ఇతరులకు ఒక మాట. వెనుక కూడా డిస్కులుండి, హ్యాండ్ బ్రేకు ఆ కాలిపరులోనే పనిచేసే కార్లలో చాలావాటికి పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి. అక్కడ క్లాంపుతో నెడితే లోపలి మర పాడైపోతుంది.


పాత ఫిట్టర్ (వరంగల్లు)
శనివారం, ఉదయం 9:35

గోదారి గట్టు గారూ, క్లాంపు, సిరంజి, తీగ అన్నీ సరే. ఆ హాలో బ్రిక్కులను మాత్రం మొక్కల కుండీల కింద పెట్టుకోండి. బండి కింద పెట్టకండి.

నేను బస్సు డిపో గ్యారేజీలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. చేరిన కొత్తలో మా వీధిలో ఒకాయన తన అంబాసిడరును ఇటువంటి దిమ్మల మీద నిలిపి, కింద పడుకుని సైలెన్సరు బిగించి, టీ తాగడానికి బయటికి వచ్చాడు. గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే బండి కూలింది. కింద దిమ్మ పగిలినట్టు కూడా లేదు, పిండి అయిపోయింది. ఆయన పరుచుకున్న గోనెసంచి మీద ఇంజను చేంబరు ఆనుకుని ఉంది.

కాంక్రీటు దిమ్మ గోడలో ఉన్నప్పుడు బరువు దాని ముఖమంతటా సమంగా పడుతుంది. బండి అంచు రెండంగుళాల చోట ఆనినప్పుడు ఆ బరువంతా ఒక్క గీత మీద పడుతుంది. ఇనుము వంగి చెబుతుంది, చెక్క పిర్రుమని చెబుతుంది, దిమ్మ ఏమీ చెప్పకుండా పోతుంది. హాలో బ్రిక్కు అయినా, మామూలు ఇటుకైనా, గ్రానైటు ముక్కైనా ఇందులో తేడా లేదు.

పనిముట్టు లేకపోతే చేసుకోవడానికి నేను వ్యతిరేకిని కాను, జీవితమంతా అదే చేశాను. అయితే కొలిచేది, అందుకునేది, పట్టుకునేది, తిప్పేది అయితే ఇంట్లో చేసుకోవచ్చు. అది విఫలమైతే బోల్టు అంచు అరుగుతుంది, వేలు చెక్కుకుపోతుంది. మనిషి మీద బరువును మోసేదాన్ని, నొక్కి ఉన్న స్ప్రింగును ఆపేదాన్ని మాత్రం ఇంట్లో చేసుకోకూడదు. షాకబ్జార్బరు స్ప్రింగును తాళ్ళతో, తీగతో కట్టి విప్పినవాళ్ళను చూశాను. అది జారితే పక్కనున్నవాడి దవడ ఉండదు.


కొత్త చెయ్యి (కర్నూలు)
శనివారం, ఉదయం 10:15

పెద్దాయనా, అలాగైతే విప్పిన చక్రాన్నో, స్టెప్నీనో బండి కింద పడుకోబెడితే సరిపోదా? మా నాన్నగారు ఎప్పుడూ అలాగే చేసేవారు.


పాత ఫిట్టర్ (వరంగల్లు)
శనివారం, మధ్యాహ్నం 12:40

మీ నాన్నగారు మంచి అలవాటే నేర్పారు. చక్రాన్ని తలుపు కింది అంచు దగ్గర పడుకోబెడితే, జాకీ జారినా బండి చక్రం మీద ఆగుతుంది, నేలను తాకదు. అయితే అది మొదటి ఆధారానికి అదనంగా ఉండాలి, బదులుగా కాదు. మొదటి ఆధారం జాకీ స్టాండే. రెండు టన్నుల స్టాండ్లు జత కొంటే మీ మనవల కాలం దాకా ఉంటాయి. అది కూడా కుదరకపోతే రైల్వే స్లీపరు చెక్క ముక్కలను అడ్డం, నిలువు మార్చి పేర్చి, పైన చదునుగా వచ్చేటట్టు చేసి దాని మీద దించవచ్చు. ముక్కలు గట్టి చెక్కవి, వెడల్పువి, పగుళ్ళు లేనివి కావాలి. పేర్చిన ఎత్తు అడుగు వెడల్పును మించకూడదు. దించాక తుంటితో బండిని గట్టిగా నెట్టి చూడాలి. పడేది ఉంటే మీరు పక్కన నిలబడి ఉన్నప్పుడే పడాలి.

ఇంకొక సంగతి చాలామంది మరిచిపోతారు. హ్యాండ్ బ్రేకు వెనుక చక్రాలనే పట్టుకుంటుంది. వెనుక భాగాన్ని ఎత్తినప్పుడు అది మీకు తోడు రాదు కాబట్టి ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క అడ్డు పెట్టి, గేరులో ఉంచండి. గోదారి గట్టు గారి ప్యాడ్ల పనికి అసలు బండి కిందికి దూరవలసిన అవసరమే లేదు. చక్రం దగ్గర పక్కన కూర్చుని చేసే పని అది. వెనుక నిపుళ్ళ (బ్రేకు ఆయిలు, గాలి బయటికి వదిలే చిన్న మరల) దగ్గర కూడా చేయి మాత్రమే వెళ్ళాలి, తల వెళ్ళకూడదు.


తక్కెడ (గుంటూరు)
శనివారం, సాయంత్రం 5:20

కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను, కారు మాత్రం నా సొంత సరదా. టార్క్ రెంచి లేకుండా చక్రాల నట్లను సరైన బిగువుకు తేవడం గురించి రాస్తున్నాను.

ముందుగా ఆ పానా మీద నిలబడి ఊగడం గురించి ఒక లెక్క. చక్రం పానా పొడవు సుమారు 30 సెంటీమీటర్లు అనుకుందాం. 70 కిలోల మనిషి దాని కొస మీద నిలబడితే 70 ను 9.81 తోనూ, 0.3 తోనూ గుణించగా 206 న్యూటన్ మీటర్లు వస్తుంది, బిగువును కొలిచేది ఈ లెక్కలోనే. చిన్న కార్లలో చాలావాటికి చక్రం నట్టుకు కావలసింది 85 నుంచి 110 మధ్య ఉంటుంది. మీ బండి పుస్తకంలో చూసి నిర్ధారించుకోండి. విప్పడానికి ఎక్కి తొక్కితే తొక్కారు కానీ, బిగించడానికి తొక్కితే నట్టు ఎక్కే స్టడ్డు సాగిపోతుంది. ఆ షెడ్డు గాలి తుపాకిని తిట్టుకున్న మీరే అదే పని కాలితో చేసినట్టవుతుంది.

ఇప్పుడు ఉపాయం చెబుతాను. ప్రయాణాల్లో సంచులు తూచే కొక్కెం తక్కెడ ఇంట్లో ఉంటుంది కదా, అంకెలు కనిపించేది, 50 కిలోల దాకా చూపేది. పానా పిడికి ఒక ఇనుప గొట్టం తొడిగి, నట్టు మధ్య బిందువు నుంచి సరిగ్గా 50 సెంటీమీటర్ల దగ్గర సుద్దముక్కతో గీత పెట్టి, అక్కడ తాడు కట్టి, తాడుకు తక్కెడ తగిలించి లాగండి. 85 న్యూటన్ మీటర్లు కావాలంటే తక్కెడ 17.3 కిలోలు చూపేదాకా లాగాలి. 100 కావాలంటే 20.4 కిలోలు. తాడు గొట్టానికి లంబంగా ఉండాలి. 30 డిగ్రీలు పక్కకు వాలితే దాదాపు 13 శాతం బిగువు తగ్గిపోతుంది, తక్కెడ మాత్రం అదే అంకె చూపి మిమ్మల్ని నమ్మిస్తుంది.

తక్కెడ లేకపోతే గొట్టాన్ని నేలకు సమాంతరంగా ఉంచి, గీత దగ్గర బకెట్టు తగిలించి నీళ్ళు పోయండి. లీటరు నీరు కిలో బరువు. బకెట్టు బరువు కూడా లెక్కలోకి తీసుకోండి.


డల్లాస్ డ్రైవ్‌వే (టెక్సాస్)
శనివారం, రాత్రి 8:45

తక్కెడ మేడమ్ గారికి ఒక చిన్న సవరణ. గొట్టం సమాంతరంగా ఉన్నప్పుడు దాని సొంత బరువు కూడా నట్టును తిప్పుతుంది. 60 సెంటీమీటర్ల గొట్టం కిలోన్నర ఉంటే, ఆ బరువు మధ్యలో పనిచేస్తుంది కాబట్టి నాలుగున్నర న్యూటన్ మీటర్లు దానికదే చేరుతుంది. అందువల్ల నేను పానాను నిలువుగా, పిడి ఆకాశం వైపు ఉండేటట్టు తగిలించి, తక్కెడను నేలకు సమాంతరంగా లాగుతాను. అప్పుడు గొట్టం బరువు లెక్కలోకి రాదు.

ఇక్కడ పరిస్థితి కొంచెం వేరు. ఆటోజోన్ వంటి విడిభాగాల దుకాణాల్లో డిపాజిట్టు కట్టి బ్రేకు పరికరాలు, స్ప్రింగు కంప్రెసరు ఇంటికి తెచ్చుకుని, తిరిగి ఇచ్చాక ఆ డబ్బు వాపసు తీసుకోవచ్చు. కాబట్టి ప్రమాదకరమైన వాటిని చేసుకోవలసిన అవసరం పడదు. అయినా మనవాళ్ళ బుద్ధి ఎక్కడికి పోతుంది? నా కొరొల్లా వెనుక డ్రమ్ము తుప్పు పట్టి ఊడి రానప్పుడు సుత్తి పట్టుకుని అరగంట బాదాను. తరువాత చూస్తే డ్రమ్ము ముఖం మీదే రెండు మర రంధ్రాలున్నాయి. 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు వాటిలో పెట్టి మార్చి మార్చి బిగిస్తే డ్రమ్ము దానంతటదే ముందుకు వచ్చింది. తయారు చేసినవాడు పుల్లరును, అంటే ఊడలాగే పరికరాన్ని, డ్రమ్ములోనే పెట్టి ఇచ్చాడు, నేను చూసుకోలేదు. అటువంటి రంధ్రాలు మీ బండికి ఉన్నాయేమో చూడండి.


గోదారి గట్టు (రాజమహేంద్రవరం)
ఆదివారం, ఉదయం 6:30

అందరికీ కృతజ్ఞతలు. స్టాండ్లు కొంటున్నాను, ఆ చర్చ ముగిసింది. పని వచ్చే ఆదివారానికి వాయిదా వేశాను. నట్లకు నా బండి పుస్తకంలో 85 అని ఉంది. ఇక మిగిలినది బ్రేకు ఆయిలు మార్చి, గొట్టాల్లో గాలి తీయడం. పెడలు తొక్కే మనిషి లేకుండా ఇది సాధ్యమా?


రాణీగంజ్ రెంచి (సికింద్రాబాదు)
ఆదివారం, ఉదయం 7:50

సాధ్యమే. లీటరు నీళ్ళ సీసా ఒకటి, తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన లెవెల్ గొట్టం ఒక మీటరు తీసుకోండి. సీసా మూతకు గొట్టం బిగుతుగా పట్టే రంధ్రం ఒకటి, గాలి పోవడానికి చిన్న రంధ్రం ఒకటి పెట్టండి. సీసాలో రెండంగుళాల కొత్త బ్రేకు ఆయిలు పోసి, గొట్టం కొస అందులో మునిగేటట్టు ఉంచండి. రెండో కొసను వేడినీళ్ళలో మెత్తబరచి నిపులు మీదకు తొడిగి, బైండింగ్ వైరుతో ఒక చుట్టు కట్టండి. రింగు పానాను గొట్టం కంటే ముందే నిపులుకు తగిలించుకోవాలి. నేను ఇది మరిచిపోయి రెండుసార్లు అంతా ఊడదీశాను.

గొట్టం నిపులు దగ్గర నుంచి ముందు పైకి లేచి, తరువాత సీసాలోకి దిగాలి. గాలి బుడగ పైకే పోతుంది కాబట్టి తిరిగి నిపులులోకి రాదు. నిపులును అర చుట్టు వదులు చేసి, వెళ్ళి పెడలును నెమ్మదిగా ఐదారుసార్లు తొక్కి, వచ్చి చూడండి. గొట్టంలో బుడగలు ఆగాయో లేదో చూడడానికి మనిషి లేకపోతే సెల్‌ఫోన్‌ను సీసాకు ఎదురుగా ఆనించి వీడియో తీయండి.

ఐదారు తొక్కుళ్ళకొకసారి పైడబ్బాలో ఆయిలు నింపడం మాత్రం మరవకూడదు. డబ్బా ఎండితే గాలి మొదటినుంచీ దూరుతుంది, పని మళ్ళీ మొదటికి వస్తుంది. పుస్తకంలో వేరే వరుస చెప్పకపోతే డబ్బాకు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టండి. మన బండ్లలో అది వెనుక ఎడమ చక్రం.


పాత ఫిట్టర్ (వరంగల్లు)
ఆదివారం, ఉదయం 9:05

రెంచి గారి సీసా మంచిదే. దానికి రెండు జాగ్రత్తలు చేరుస్తాను.

పాత బండ్లలో మాస్టర్ సిలిండరు (పెడలు తొక్కితే ఆయిలును గొట్టాల్లోకి నెట్టే భాగం) రబ్బర్లు రోజూ కొంత దూరమే తిరుగుతాయి. ఆ దూరం దాటిన చోట తుప్పు, మడ్డి పేరుకుని ఉంటుంది. నిపులు తెరిచి పెడలును నేలదాకా తొక్కితే ఆ రబ్బర్లు మడ్డి మీద గీసుకుని కోసుకుపోతాయి, మరునాడు పెడలు దానంతటదే దిగడం మొదలవుతుంది. అందుకని పెడలు కింద రెండంగుళాల చెక్క ముక్క పెట్టి తొక్కండి. పన్నెండేళ్ళు దాటిన బండికి ఇది తప్పనిసరి.

రెండోది, ఎలాగూ తొందర లేదు కాబట్టి అసలు పెడలే తొక్కకుండా చేయవచ్చు. నిపులుకు గొట్టం పెట్టి, వదులు చేసి, పైడబ్బా మూత తీసి కూర్చోండి. ఆయిలు తన బరువుకు తానే బొట్టు బొట్టుగా దిగుతుంది. చక్రానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. మీరు చేయవలసింది డబ్బా నింపడం ఒక్కటే. డిపోలో కుర్రాళ్ళు దొరకని రోజున నేను నాలుగు చక్రాలూ ఇలాగే చేసేవాణ్ణి.

ఆయిలు డబ్బా మూత మీద రాసి ఉన్న రకమే కొనండి. డాట్ 3, డాట్ 4 రెండూ ఒకే జాతివి, కలిసినా ప్రమాదం లేదు. డాట్ 5 సిలికాను జాతి, అది కలపకూడదు. ఇంజను ఆయిలు అంటిన గరాటు వాడితే చుక్క చాలు, బ్రేకు రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. తెరిచి ఏడాదిగా షెల్ఫులో ఉన్న సీసా కూడా పనికిరాదు, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టినదానికి ఆ ప్రమాణమే 140 డిగ్రీలకు దిగుతుంది. ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు ఆ తేడా కాలికి తెలుస్తుంది.


కొత్త చెయ్యి (కర్నూలు)
ఆదివారం, ఉదయం 11:30

నా వంతుగా ఒకటి చెబుతాను. ఒక్కడినే ఉన్నప్పుడు బ్రేకు లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడడానికి, పాత కర్ర ఒకటి పెడలుకూ సీటుకూ మధ్య సరిపోయేటట్టు కోసుకున్నాను. సీటును ముందుకు జరిపితే కర్ర పెడలును నొక్కి పట్టుకుంటుంది. తరువాత వెనక్కు వెళ్ళి తీరికగా చూడవచ్చు.


రాణీగంజ్ రెంచి (సికింద్రాబాదు)
ఆదివారం, మధ్యాహ్నం 1:15

ఆ కర్ర ఆయిలు కారుతోందేమో చూడడానికి ఇంకా బాగా పనికివస్తుంది. నొక్కి పెట్టి పది నిమిషాలు వదిలేసి, ప్రతి నిపులునూ తెల్ల కాగితంతో తుడిచి చూడండి.

నా పెట్టెలో ఉన్న ఇతర చేతివాటాలు కొన్ని రాస్తాను. ఆయిలు ఫిల్టరు జారుతుంటే గరుకు కాగితాన్ని గరుకు వైపు లోపలికి ఉండేటట్టు చుట్టి పడతాను. దానికీ రాకపోతే పాత సైకిలు గొలుసును చుట్టి, గొలుసు రెండు కొసలనూ ఒక ఇనుప కడ్డీకి బిగించి తిప్పుతాను. పాత స్పీకరు అయస్కాంతాన్ని కర్రకు కట్టి ఇంజను సందుల్లో పడిన నట్లు తీస్తాను. నట్టు పానాలో నిలవకపోతే మధ్యలో కాగితం ముక్క పెట్టి ఇరికిస్తాను. 12 వోల్టుల ఇండికేటరు బల్బుకు రెండు తీగలు అతికించి కరెంటు వస్తోందో లేదో చూస్తాను. అయితే ఈ బల్బును ఎయిర్ బ్యాగు తీగల దగ్గరకు, కంప్యూటరు తీగల దగ్గరకు తీసుకువెళ్ళకండి.

రాణీగంజ్‌లో పనిముట్ల దుకాణాల వరుస అంతా తిరిగి, తీరా ఇంటికి వచ్చి గొలుసుతో పని ముగించిన రోజులు చాలా ఉన్నాయి.


గోదారి గట్టు (రాజమహేంద్రవరం)
తరువాతి ఆదివారం, రాత్రి 9:10

పని పూర్తయింది. ఉదయం ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండయింది, అందులో గంటన్నర ఒక్క నట్టుకే పోయింది. ముందు కుడి చక్రం మూడో నట్టు. రాత్రి డీజిలు పట్టించి, తెల్లవారాక పానాకు గొట్టం తొడిగి లాగితే తుపాకి పేలినంత శబ్దం చేసి వదిలింది. పక్కింటివాళ్ళు బయటికి వచ్చారు.

క్లాంపు ఉపాయం అచ్చం రెంచి గారు చెప్పినట్టే నడిచింది. ఎడమ పిస్టన్ వేళ్ళతో నొక్కినంత తేలికగా వెళ్ళింది, కుడిది మొరాయించింది. నిపులును కొద్దిగా వదులు చేసి, సీసా గొట్టం తగిలించి నెట్టాను. నల్లటి కషాయంలాంటి ఆయిలు సీసాలోకి వచ్చింది, పిస్టన్ కదిలింది. ఆ మడ్డిని పైడబ్బాలోకి వెనక్కు నెట్టకుండా బయటికి పంపినందుకు సంతోషంగా ఉంది.

గాలి తీయడానికి ఫిట్టర్ గారి పద్ధతి పాటించాను. వెనుక ఎడమ చక్రానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. పీట వేసుకుని పేపరు చదువుతూ, అయిదు నిమిషాలకొకసారి డబ్బా చూస్తూ కూర్చున్నాను. అర లీటరు సీసాలో కొంచెం మిగిలింది.

నట్లను చక్రం నేల మీద ఆనాక, ఒకదాని తరువాత ఎదురుగా ఉన్నదానిని, డల్లాస్ గారు చెప్పినట్టు గొట్టం నిలువుగా పెట్టి 17.3 కిలోలకు లాగాను. సాయంత్రం మా వీధి చివర టైర్ల దుకాణంలో క్లిక్కు రెంచిని 85కు పెట్టి చూడమని అడిగాను. ముందు చక్రాల ఎనిమిదింటిలో ఏడు వెంటనే టక్కుమన్నాయి, ఒకటి వెంట్రుకవాసి తిరిగి టక్కుమంది. ఆ ఒక్కటి లాగేటప్పుడు తాడు వాలిందని నాకప్పుడే అనుమానం వచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. పెడలు మొదటి తొక్కుడుకు కొంచెం ఎక్కువ లోతుకు వెళ్తోంది. గాలి మిగిలిపోయిందా?


పాత ఫిట్టర్ (వరంగల్లు)
తరువాతి ఆదివారం, రాత్రి 9:40

వెంటనే రెండోసారి తొక్కితే పైకి లేచి గట్టిగా నిలుస్తోందా, లేక స్పంజిలాగా అణుగుతోందా? హ్యాండ్ బ్రేకు ఎన్ని పళ్ళు (టిక్కు టిక్కులు) లేస్తోంది?


గోదారి గట్టు (రాజమహేంద్రవరం)
తరువాతి ఆదివారం, రాత్రి 9:58

రెండోసారికి రాయిలా నిలుస్తోందండీ. హ్యాండ్ బ్రేకు లెక్కపెట్టాను, పదకొండు పళ్ళు లేస్తోంది.


పాత ఫిట్టర్ (వరంగల్లు)
తరువాతి ఆదివారం, రాత్రి 10:05

అయితే గాలి కాదు. వెనుక డ్రమ్ముల్లో షూలకూ (డ్రమ్మును లోపలి నుంచి పట్టే ముక్కలకూ) డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగింది. ఆ ఎడాన్ని దానంతటదే సరిచేసుకునే ఏర్పాటు లోపల ఉంటుంది, తుప్పు పట్టి ఆగిపోయి ఉంటుంది. డ్రమ్ములు తీసి శుభ్రం చేయాలి. వచ్చే ఆదివారం దాకా బండిని ఊళ్ళోనే నెమ్మదిగా నడపండి. డ్రమ్ము విప్పే ముందు దాని ముఖం ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. మధ్యలో పెద్ద నట్టు ఉందా, డల్లాస్ గారు చెప్పిన మర రంధ్రాలున్నాయా అన్నది చూసి, ఏం కావాలో చెబుతాను. లోపలి దుమ్మును నోటితో ఊదకండి, తడి గుడ్డతో తుడవండి.